మాయ ముక్కలు, మొగుడి ఊళ్లు

యాకమ్మ హన్మకొండలో ఒక కాన్పుల దవాఖానలో ఆయా. పదకొండేళ్ల సర్వీసు, పదకొండేళ్లూ దినకూలీయే. పర్మినెంటు చేస్తాం, చేస్తాం అంటూనే ముగ్గురు సూపరింటెండెంట్లు రిటైరయ్యారు. మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు.

ఎనభై ఆరులో హైదరాబాదు నుంచి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు ఐసు డబ్బాతో దిగాడు. అతనికి కావలసింది మాయ. బిడ్డ పుట్టాక తల్లి కడుపులోంచి పడుతుందే, అది. అందులోంచి మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీసి, ఈ ప్రాంతపు జనం వేల ఏళ్ల కిందట ఎవరి నుంచి చీలారో, ఎటు నుంచి వచ్చారో చెబుతాడట. ఇదంతా కొత్త సూపరింటెండెంటుకు గంటసేపు ఇంగ్లిషులో చెప్పాడు. మూడో తరగతి చదివిన యాకమ్మకు మాత్రం, మాయలో చిన్న ముక్క కోసి ఉప్పునీళ్లలో కడిగి ఐసులో పెట్టమన్నాడు. చీటీ మీద పేరు, కులం, ఊరు రాయమన్నాడు. ఆయాకు అంతకన్నా ఎందుకనుకున్నాడు కాబోలు, మహానుభావుడు! రెండు వందల ముక్కలు చేతికొస్తే సూపరింటెండెంటుకు చెప్పి పర్మినెంటు చేయిస్తానన్న మాట మాత్రం చక్కగా తెలుగులోనే చెప్పాడు.

మాయ అడిగి తీసుకోవడం అంత తేలికా? మా వైపు దాన్ని పారేయరు. కొత్త గురిగిలో పెట్టి, మూతేసి, ఇంటి పెరట్లో లోతుగా పాతిపెడతారు. కుక్క ముట్టిందంటే బిడ్డకు కీడని భయం. వర్ధన్నపేట నుంచి కాన్పుకొచ్చిన మల్లక్కకు తోడొచ్చిన ఆమె అత్త, మట్టి గురిగి ఒళ్లో పెట్టుకుని కాన్పుల గది గడప దగ్గరే కూర్చుంది. యాకమ్మ ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. చిన్న ముక్కే, మిగతాదంతా నీకే, బిడ్డకేమన్నా అయితే నన్నడుగు అంది. అట్లా ఒక్కో బాలింత ఇంటివాళ్లకు ఒక్కో ఒట్టేసి, ఏడాదిన్నరలో రెండు వందల పన్నెండు ముక్కలు పోగుచేసింది. జ్వరమొచ్చినా ఒక్క పూట మానలేదు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో వెంకటేశ్వర్లు ముఖం మాడ్చుకుని వచ్చాడు. ఒకే ఊరు, ఒకే కులం అని రాసి ఉన్న ఆడవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో రకంగా తేలుతోందట. మల్లక్క చీటీ తీసి, ఈమె పుట్టింది వర్ధన్నపేటలోనేనా అని అడిగాడు.

"పుట్టుడు ధర్మసాగర్ల సారు. ఇచ్చింది వర్ధన్నపేటకు."

"మరి ధర్మసాగర్ అని ఎందుకు రాయలేదు?"

"పెండ్లయినంక ఆడిదానికి పుట్టిన ఊరెక్కడిది సారు? మొగుని ఊరే గద."

కాన్పుకు పుట్టింటికొచ్చిన పిల్ల పక్కన కన్నతల్లి నిలబడి ఉన్నా, యాకమ్మ అత్తింటి ఊరే రాసింది. అడిగితే ఆ కన్నతల్లీ అదే చెప్పింది. వెంకటేశ్వర్లు నెత్తి పట్టుకున్నాడు. ఆ డీఎన్‌ఏ తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తుంది. తల్లికి ఆమె తల్లి నుంచి, ఆమెకు మళ్లీ తన తల్లి నుంచి. కావలసినవి అమ్మమ్మల ఊళ్లు. ఆ ముక్క మొదటే చెబితే ఏం పోయేది? యాకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పర్మినెంటు గుర్తొచ్చి దిగమింగుకుంది. తానే ఊరూరా తిరిగి అడిగొస్తానంది.

సెలవు దొరికినప్పుడల్లా తిరిగింది. బస్సు లేనిచోట నడిచింది. మల్లక్క బిడ్డ ఆరో నెలలో విరేచనాలు పట్టి పోయాడట. యాకమ్మను చూడగానే అత్త చీపురు తీసింది. ఆ రోజు వర్ధన్నపేట బస్టాండులో కూర్చుని యాకమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అయినా మరుసటి వారం ఎనుమాముల మార్కెట్టుకు పోయి, తనకు మాయ ముక్క ఇచ్చి, అక్కడ మిరపకాయల దగ్గర పనిచేసే ఆడవాళ్లను అడిగింది. తాత పేరు, ముత్తాత పేరు టకటకా చెప్పేవాళ్లు కూడా అమ్మమ్మ తల్లి పేరు దగ్గర తడబడ్డారు. కొందరు నవ్వారు, కొందరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాది తిరిగేసరికి నూట అరవై మూడు మంది అమ్మమ్మల ఊళ్లు నోటుబుక్కుకెక్కాయి.

ఆ నోటుబుక్కు పట్టుకుని హైదరాబాదు పోయింది. వెంకటేశ్వర్లు అప్పటికే డాక్టర్ వెంకటేశ్వర్లు. పాత ఊళ్లతోనే వ్యాసం అచ్చయింది, పట్టా చేతికొచ్చింది. నోటుబుక్కు తెరిచి కూడా చూడలేదు. ఇప్పుడిది బయటపెడితే నా కొలువు పోతుందని గొంతు తగ్గించి చెప్పాడు. పర్మినెంటు సంగతి అడిగితే, చీటీలన్నీ తప్పులు రాసిన మనిషిని ఏ ముఖంతో సిఫారసు చేయమంటావన్నాడు.

యాకమ్మ నోటుబుక్కు తీసి సంచిలో పెట్టుకుంది.

"నేను రాసింది తప్పయితే, మీ పట్టా ఎట్ల ఒప్పయింది సారు?"

అతను గడియారం చూసుకుని, మీటింగు ఉందని లేచాడు. మర్నాడు పొద్దున ఆరింటికల్లా యాకమ్మ కాన్పుల గదిలో ఉంది, దినకూలీకే.