దురద తెచ్చిందెవరు?

బేకరీ మాస్టరుకు శుభ్రం పిచ్చి. పిండి ముట్టుకునే ముందు చేతులు కడుగుతాడు, ముట్టుకున్నాక కడుగుతాడు, ఊరికే గుమ్మం దాకా వెళ్ళొచ్చినా కడుగుతాడు. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళు అతనికి సబ్బుబిళ్ళ అని పేరు పెట్టుకుని చాటుగా నవ్వుకునేవారు. ఆ పేరు చెవిన పడినా అతనికి కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. అంత నిప్పులు కడిగే మనిషి ఇంట్లో గజ్జి పుట్టిందంటే ఎవరు నమ్ముతారు? అతను అసలు నమ్మలేదు. బయటి నుంచి ఎవరో తెచ్చారన్నాడు. ఆ తెచ్చింది తన అక్కేనని మనసులో ముద్ర కూడా వేసేసుకున్నాడు.

అక్క వృద్ధాశ్రమంలో ఆయా. మంచం దిగలేని ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, ఒళ్ళు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం ఆవిడ పని. తల్లి పోయినప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్ళి మాట ఎత్తితే నవ్వేసి ఊరుకునేది. తమ్ముడింట్లోనే వెనక గదిలో ఉంటోంది. ఇంకా బడి ఈడు రాని మాస్టరు కూతురు పాప ఆ మేనత్త పక్కలో తప్ప ఇంకెక్కడా పడుకోదు.

దురద మొదట బయటపడింది పాపకే. పక్క మీదికి చేరిందంటే చాలు, గోకుడు. తెల్లారేసరికి మణికట్ల దగ్గరా బొడ్డు చుట్టూ ఎర్రటి పొక్కులు. పై వాటాలో ఉండే ఇంటావిడ అడక్కుండానే దిగొచ్చి వైద్యం మొదలెట్టింది.

"నిద్రలో పళ్ళు కొరుకుతోందా? ముడ్డి గోక్కుంటోందా? అయితే నులిపురుగులే తల్లీ, సందేహం లేదు."

సరే, నులిపురుగుల మాత్ర వేశారు. తగ్గలేదు. పేలేమోనని తల్లి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వింది. దొరకనే దొరికాయి. హమ్మయ్య, ఇదే అనుకుంది పిచ్చితల్లి. పేలు పోయాయి గానీ దురద పోలేదు, పైగా తల్లికీ మేనత్తకూ కూడా అంటుకుంది. చివరికి తల్లి పాపను చంకనేసుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పాప వేళ్ళ సందుల్ని భూతద్దంలో చూసి గజ్జి అని తేల్చింది. "కంటికి ఆనని పురుగు. చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. అందుకే రాత్రిళ్ళు అంత దురద. ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకేరోజు మెడ నుంచి అరికాళ్ళ దాకా ఈ మందు రాసుకుని పడుకోండి. పొద్దున్నే స్నానం చేసి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్ళలో ఉతికెయ్యండి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి."

భార్య ఇంటికొచ్చి ఈ మాటలు చెప్పిందో లేదో, మాస్టరు రంగంలోకి దిగాడు. ఇలాంటి పని ఇంకొకరికి వదిలే రకం కాదతను. పాపకు తనే రాశాడు. భార్య వీపుకు రాశాడు. తన ఒంటికి చెవుల కింద నుంచి కాలివేళ్ళ దాకా పట్టించుకున్నాడు. దుప్పట్లు ఉడకబెట్టాడు, దిండ్లు ఎండలో పడేశాడు. అక్క మాత్రం మందు తన గదిలోకి తీసుకెళ్ళి, మరదలిచేత వీపుకు రాయించుకుని, మిగతాది తనే రాసుకుంది. తన కళ్ళెదుట జరగని పని సరిగ్గా జరిగిందని మాస్టరు ఏనాడూ నమ్మినవాడు కాదు.

రెండోసారీ రాశారు. కొన్నాళ్ళు హాయిగా ఉంది. ఆ తర్వాత పాప మళ్ళీ మోచేతులు గోక్కోవడం మొదలెట్టింది. మళ్ళీ మందు, మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ దురద. ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు కరువైంది. మాస్టరు కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరిగాడు. పరుపు ఎత్తి చూశాడు, కుర్చీ గుడ్డలు పీకి ఉతికాడు, తలుపు గడియలు తుడిచాడు. తిరుగుతున్నంతసేపూ వేళ్ళ సందులు గోక్కుంటూనే ఉన్నాడు. ఆ దురద అతనికి కొత్తది కాదు. ఇంట్లో ఎవరికీ ఏమీ లేని రోజుల నుంచీ ఉన్నదే. పిండి పడట్లేదనీ, సబ్బుకు చర్మం ఎండిపోయిందనీ అతని లెక్క. దాన్ని ఒక జబ్బుగా చెప్పుకోవాలని అతనికెప్పుడూ తోచలేదు.

ఒక సాయంత్రం అక్క పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, పాప పరుగెత్తి ఆవిడ కాళ్ళకు చుట్టుకుంది. మాస్టరు పిల్లను రెక్క పట్టి వెనక్కి లాగాడు.

"అక్కా, నువ్వు కొన్నాళ్ళు ఆశ్రమంలోనే ఉండు."

"దేనికిరా?"

"దేనికేమిటి? అక్కడ ఎవరెవర్నో ముట్టుకుని వస్తావు. ఆ రోగాలన్నీ మోసుకొచ్చి పసిపిల్లకి అంటిస్తున్నావు."

"ఏవండీ!" అంది భార్య వంటింట్లోంచి.

"నువ్వు మాట్లాడకు. మూడుసార్లు మందు రాశాం. నా చేత్తో రాసినవాళ్ళకి తగ్గి, మళ్ళీ వస్తోందంటే ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆలోచించక్కర్లేదా?"

అక్క ముఖం చిన్నబోయింది. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చి, అప్పుడే విప్పిన చెప్పుల్లో మళ్ళీ కాళ్ళు దూర్చింది. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మాస్టరు గుండెలో కలుక్కుమన్న మాట నిజమే. అయినా తను చేసింది ఒప్పే అనుకున్నాడు, వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

అక్క వెళ్ళింది గానీ దురద వెళ్ళలేదు. గోకీ గోకీ పాప వేళ్ళ మధ్య చీము పట్టింది. అత్త పక్క లేక నిద్ర లేదు, దురదతో అసలే లేదు. మాస్టరు మాత్రం పట్టు విడవలేదు. వెళ్తూ వెళ్తూ అంటించి పోయిందన్నాడు. ఆ మాటతో భార్యకు ఒళ్ళు మండింది.

"ఇంకెన్నాళ్ళు ఆవిడ పేరు చెప్తారు? రేపు మీరు కూడా రండి డాక్టరు దగ్గరికి. రాకపోతే పాపను తీసుకుని నేనూ ఆశ్రమానికే పోతాను."

వెళ్ళాడు. డాక్టరమ్మ పాప చేతులు చూసి చీముకు మందు రాసిచ్చింది. తర్వాత అతని వైపు తిరిగి, "మీ చేతులు చాపండి," అంది.

"నాకేం లేదండీ. పిండి పడదు, అంతే."

"చాపండి."

భూతద్దం అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆగింది. అక్కణ్ణుంచి ఒక్కో సందూ దాటుకుంటూ వెళ్ళింది. సన్నటి బూడిదరంగు గీతలు, వాటి కొసల్లో చిన్న పొక్కులు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది మీకిది?"

"చాలా రోజులైందండీ. వీళ్ళెవరికీ రాకముందు నుంచే."

"మందు రాసుకున్నారా?"

"ఒళ్ళంతా. అందరికీ నేనే రాశానండీ," అన్నాడు కాస్త గర్వంగానే.

"రాశాక ఏం చేశారు?"

"ఏముందండీ, చేతులు కడుక్కున్నాను. సబ్బుతో, శుభ్రంగా."

అన్నాక ఆ మాట అతనికే వినిపించింది. భార్య తల తిప్పి గోడకేసి చూసింది. డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. "పురుగులకి అన్నిటికంటే ఇష్టమైన చోటు ఆ వేళ్ళ సందులేనండీ. మందు ఉండాల్సింది అక్కడే. కడిగితే మళ్ళీ రాసుకోవాలి. మీరేమో కడిగేసుకుని, ఆ చేతుల్తోనే పాపకు అన్నం పెట్టారు, ఎత్తుకున్నారు."

"మరి నాకెక్కణ్ణుంచి వచ్చినట్టు?"

"అది నేనెలా చెప్పను?"

అతనికి బేకరీ వెనక గదిలో చాప గుర్తొచ్చింది. మధ్యాహ్నం పూట పనివాళ్ళంతా వంతులవారీగా నడుం వాల్చే చాప, దాని మీది ఒకే ఒక్క దుప్పటి. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. ఏదైనా అక్క కాదు. అతనికి తల కొట్టేసినట్టయింది.

భార్యనూ పాపనూ ఇంటికి పంపి, నేరుగా ఆశ్రమానికి వెళ్ళాడు. అక్క గేటు దగ్గరికి వచ్చింది గానీ గేటు తియ్యలేదు. మనిషి తేటపడింది. కళ్ళ కింద నలుపు పోయింది.

"అక్కడే ఉండరా. లోపల ముసలివాళ్ళున్నారు. వచ్చినరోజే నర్సమ్మ నాకు మందు రాయించి, మర్నాటి దాకా విడిగా కూర్చోబెట్టింది. లోపలివాళ్ళందర్నీ కూడా చూసింది. ఒక్కరికీ లేదు. నాకూ తగ్గిపోయింది, నిద్ర పడుతోంది. పాప పడుకుంటోందా?"

"లేదక్కా." చేతులు గేటు మీద వెయ్యబోయి, టక్కున వెనక్కి తీసుకున్నాడు. "నావల్లేనక్కా. నేనే. నా చేతులే." జరిగిందంతా గబగబా చెప్పేశాడు. సబ్బు సంగతి వచ్చేసరికి అక్కకు నవ్వాగలేదు.

"చిన్నప్పుడు స్నానానికి తరిమి తరిమి పట్టుకోవాల్సొచ్చేది నిన్ను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఇంటికి రా అక్కా. ఈసారి చేతులక్కూడా రాసుకుంటాను. అందరికీ తగ్గిపోతుంది. తప్పు నీది కాదని తేలిపోయింది కదా."

అక్క నవ్వు ఆపింది. కోపం తెచ్చుకోలేదు. చిన్నప్పుడు అబద్ధం పట్టుకున్నప్పుడు చూసినట్టే అతని ముఖంలోకి చూసింది.

"తేలింది కాబట్టి రమ్మంటున్నావు. నిజంగా నేనే తెచ్చి ఉంటేనో?"

మాస్టరు వేళ్ళ సందుల్లో దురద మంటలా లేచింది. గోక్కోవడానికి కూడా సిగ్గేసి, పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు.

"అప్పుడూ పొమ్మనేవాణ్ణేమో అక్కా," అన్నాడు చివరికి.

"అంతేరా. నేనూ అదే అనుకున్నాను." ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. లోపల ఎవరో పిలిస్తే, "వస్తున్నా," అని కేకేసి తమ్ముడి వైపు తిరిగింది. "ఈసారి మందు మీ ఆవిణ్ణి రాయమను. తగ్గాక పాపను పంపు, ఆదివారం పూట నా దగ్గరుంటుంది."

"నువ్వో?"

"నేనిక్కడ బాగానే ఉన్నాను," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.