నాలుగు వందల గుర్రాలు

కోసిన చెరుకును ఎండలో నిలబెడితే పూటపూటకూ చస్తుంది. బరువు తగ్గుతుంది, రసం పులుస్తుంది, కాటా దగ్గర గుమాస్తా మొహం చిట్లిస్తాడు. కోటగిరి వైపు ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. కానీ తెలిసినవాళ్లే రోడ్డుకు అడ్డం నిలబడితే ఎవరికి చెప్పుకోవాలి?

సవిత చెరుకు ట్రాలీ కాలువ కట్ట మీద పొద్దుటి నుంచి ఆగి ఉంది. ఫ్యాక్టరీ టోకెన్ ఆ రోజుదే. పొద్దుగూకే లోపల గేటు దాటకపోతే ఆమె వంతు వేరేవాళ్లకు పోతుంది, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పరు. బోధన్ చక్కెర మిల్లు మూతపడ్డ నాటి నుంచి చెరుకు రైతు బతుకు ఇంతే, దూరపు ప్రైవేటు గేటు ముందు పడిగాపులు. ఇంకో దారిలో పోదామంటే పాత వంతెన ఇంత లోడు మోయదు.

ముందు రెండు కార్లు. నేలకు ఆనుకున్నట్టు ఉండే ఎర్రది బుజ్జిబాబుది. పాత నీలిది బోధన్ కట్టెల అడితి వాళ్ల అజర్‌ది. తిన్నగా ఉన్న రోడ్డని వాళ్లు కట్టకు రెండు వైపులా మనుషుల్ని నిలబెట్టి బండ్లను ఆపేశారు. ఏది గొప్పదో తేల్చుకుంటున్నారట.

"సున్నా నుంచి వందకు నాలుగు సెకన్లు," అన్నాడు బుజ్జిబాబు. "నీ డబ్బా ఆరు తీసుకుంటుంది."

"ఆ రెండు సెకన్ల కోసం నువ్వు పెట్టిన పైసలల్ల నాసొంటియి మూడొస్తయ్ యార్," అన్నాడు అజర్. "రేపు అమ్మబోతే నీది సగానికి పడిపోతది. నాది కొన్న ధరకే పోతది. మరి ఎవని బేరం మంచిది?"

"బ్రేకులు చూశావా? మలుపులో పట్టు చూశావా? పాత ఇనుముకు ధరేంట్రా."

సవిత కొంగు బిగించుకుని ముందుకు నడిచింది. బుజ్జిబాబు ఆమెకు ఎవరో కాదు. ఆమె చెరుకు వేసిన భూమి వాళ్ల నాన్న పున్నయ్యది. గుంటూరు వైపు నుంచి వచ్చిన తాత నిజాంసాగర్ కాలువ కింద కొన్న భూమి. ఏటేటా కౌలు ఆమెకే ఇవ్వాలా, ఇంకొకరికి ఇవ్వాలా అన్నది ఆ ఇంటి ఇష్టం. అందుకే మెత్తగా అడిగింది.

"బాబూ, జర తొవ్వ ఇయ్యున్రి. టోకెన్ ఇయ్యాల్టిదే."

"పది నిమిషాలు సవితా. వీడియో అయిపోనీ."

"గా పది నిమిషాలు పొద్దుగాల సంది నడుస్తున్నయక్కా," అని గొణిగాడు ట్రాక్టర్ తోలే పోశయ్య.

కార్లు మళ్లీ ఉరికాయి. దుమ్మంతా చెరుకు మీద పడింది. తిరిగొచ్చి మళ్లీ అదే కొట్లాట. ఈసారి గుర్రాల లెక్క. నాది నాలుగు వందల గుర్రాల బలం అని ఒకడు, నాది మూడు వందలే కాని బరువు తక్కువ అని ఇంకొకడు.

సవితకు ఒళ్లు మండింది. నోరు జారింది.

"బాబూ, గీ ట్రాక్టర్‌ది యాభై గుర్రాలేనట. గదే ఇంత చెరుకు గుంజుతది. మీకు గన్ని వందలుంటే నా ట్రాలీ గుంజి సూపియ్యున్రి. గప్పుడు తెలుస్తది ఏది గొప్పదో."

ఎత్తిపొడుపుగానే అంది. కానీ పున్నయ్య ఇల్లు ఏటా ఎడ్లతో బండ లాగించి పందెం కట్టే ఇల్లు. ఏ ఎద్దు గొప్పదో ఆ ఇంట్లో పరుగు చూసి చెప్పరు, ఈడ్చిన దూరం కొలిచి చెబుతారు. బుజ్జిబాబు కళ్లు మెరిశాయి.

"అదీ మాట. బండలాగుడు పెడదాం. ఎవరిది ఎక్కువ దూరం ఈడిస్తే వాడిదే గొప్ప. అయిపోగానే నువ్వు వెళ్లిపో సవితా, ఎవరూ ఆపరు."

అజర్ వెనక్కి తగ్గితే పరువు పోతుంది. "చలో," అన్నాడు.

"వద్దు బాబూ, నేను ఊకెనే అన్న."

"అన్నావుగా."

పోశయ్య ఆమె మొహం చూశాడు. ఆమె పొద్దు వంక చూసింది. ఇది కానిస్తే గాని రోడ్డు ఇవ్వరు. "ఇప్పు," అంది.

ట్రాక్టర్ విప్పి పక్కకు తీశారు. నాలుగు చక్రాల ట్రాలీకి ముందు నీలి కారును గొలుసుతో కట్టారు. పోశయ్య వెనక చక్రాల కింద రాళ్లు పెట్టబోతే బుజ్జిబాబు మనుషులు తన్నేశారు, పందెంలో ఆసరా ఉండకూడదట.

"ట్రాలీ ఎత్తెక్కే తాన ఉన్నది, రాళ్లు లేకుంటే ఎనకకు ఉరుకుతది," అంది సవిత. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

నీలి కారు అరిచింది. చక్రాలు గిర్రున తిరిగి కంకర ఎగజిమ్మాయి. ట్రాలీ జానెడు కదిలి ఆగింది. జనం ఈలలు వేశారు. తర్వాత ఎర్రది. అది ఇంకాస్త ఎక్కువే లాగింది. లాగుతూ లాగుతూ కింద నుంచి పొగ వదిలింది, కాలిన వాసన కట్టంతా కమ్మింది, ఇంజన్ ఆగింది. కొక్కెం బంపర్‌తో సహా ఊడి వచ్చింది.

ట్రాలీ వెనక్కి జారింది. పోశయ్య రాయి పట్టుకుని ఉరికాడు కాని అందలేదు. వెనక చక్రం కట్ట అంచు దిగింది, ట్రాలీ పక్కకు ఒరిగింది, తాళ్లు తెగాయి. సగం చెరుకు కాలువలో పడి నీళ్లతో పాటు పోయింది.

పోశయ్య ట్రాక్టర్ కట్టి లాగి చూశాడు. దాని ముందు చక్రాలు గాలిలోకి లేచాయి, ట్రాలీ ఇంకా కిందికి జారింది. భయపడి దిగిపోయాడు.

నిజామాబాద్ నుంచి కార్లు ఎత్తుకుపోయే లారీ వచ్చేసరికి ఎండ చల్లబడింది. సవిత దాని డ్రైవర్ దగ్గరికి పోయింది. "అన్నా, జర నా ట్రాలీ కూడ పైకి తియ్యరాదె."

"గది నాతోని కాదక్కా. నన్ను కారు కోసం పిలిచిన్రు." అతను ఎర్రదాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు లారీ మీదికి ఎక్కించి, కింద మెత్తటి పట్టీలు వేసి కట్టాడు.

ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. పోశయ్య విని, "గీ టోకెన్ రేపటికి నడుస్తదా, నడువదా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు. వంతు వేరేవాళ్లకు పోయింది.

"రేపు జేసీబీ పంపిస్తాలే," అన్నాడు బుజ్జిబాబు. అతని మనసు ఇంకా పందెం మీదే ఉంది. అజర్‌తో తెగడం లేదు. సెకండ్ హ్యాండ్ బండి ఇంటికి నడిచి పోతోంది, నీది లారీ మీద పోతోంది, ఇంక గొప్పేంది అంటాడు అజర్. ఈడ్చిన దూరమే లెక్క అంటాడు బుజ్జిబాబు. చివరికి ఇటు తిరిగాడు.

"సవితా, నువ్వు పక్కనే ఉన్నావు. చెప్పు, ఏది ఎక్కువ లాగింది?"

అందరూ ఆమెనే చూశారు. కాలువలో చెరుకు గడలు ఒక్కొక్కటే తూము వైపు పోతున్నాయి. మళ్లీ చెరుకు వేయాలంటే ఆ ఇంటి గడపే ఎక్కాలి.

"మీదే బాబూ."

బుజ్జిబాబు అజర్ భుజం చరిచాడు. సవిత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని కాలువలోకి దిగింది. చేతికి అందిన గడను లాగి కట్ట మీదికి విసిరింది. ఇంకొకటి అందుకోబోయింది. అది జారిపోయింది.