కాసెట్టు దొర జగదల్‌పూర్ వచ్చాడు

అయితే ఈయనేనా, ఒకళ్లు రెక్క పట్టుకుంటే గాని స్టేజీ మెట్లు ఎక్కలేకపోయిన ఈ ముసలాయనేనా, పెళ్లయిన కొత్తలో మా కిరండూల్ క్వార్టర్లో పొద్దస్తమానం అరిచిన కాసెట్టు దొర, కుర్చీలో కూచోబెట్టి గిటారు ఒళ్లో పెడితే చంటిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు, నాకప్పుడు ఆ పాటలంటే ఒళ్లు మంట, ఏటండీ ఆ ఏడుపు, ఎవరైనా పోయారా అంటే మా ఆయన నవ్వేవారు, ఏడుపేనే, అమెరికా పత్తిచేలల్లో నల్లవాళ్లు ఏడిస్తే ఇంగ్లండు కుర్రాళ్లు విని నేర్చుకున్నారు, ఒకసారి చెవిన పడితే వదలదు అనేవారు, విశాఖ హార్బరులో వాళ్ల బావ ఓడలవాళ్ల దగ్గర కొని పంపేవాడు, మా కిరండూల్ గనుల ఇనపరాయి రైలెక్కి కిందికి పోతుంటే ఆ కాసెట్లు కొండెక్కి మా ఇంటికొచ్చేవి, వినగా వినగా నాకూ అంటుకుంది, ఏ పాటలో గిటారు ఎక్కడ మూలుగుతుందో పోపు వేస్తూ చెప్పేదాన్ని, గొంతు కలిపేదాన్ని కూడా, మాటలు తెలియకపోయినా.

ఇప్పుడు దొర పాడుతున్నాడు, గొంతు లేదు, తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది, పై స్వరం దగ్గరికి వెళ్లి వెళ్లి వెనక్కొచ్చేస్తున్నాడు, అయినా జనం చప్పట్లు, బ్రిటన్ నుంచి బస్తర్ దాకా వచ్చిన మహాన్ కళాకార్ అని మైకులో హిందీ, నా పక్కన మా ఆయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, కళ్లు స్టేజీ మీదనుంచి తిప్పకుండా, ఆ చెవుల్లోకి ఇదేదీ పోవడం లేదు, చెవి మిషను పెడితే కీచుమంటుందని తీసి జేబులో వేసుకున్నారు, ఎందుకండీ వినపడనిదానికి అంత దూరం బస్సులో అని నేనూ అన్నాను, అట్టముక్క మీద రాసి చూపించాను, ఆయన ఒకటే మాట, చూస్తాను, పద, అన్నారు.

దొర చెవుల్లో ఏవో బుడిపెలున్నాయి, ఈయనకీ వినపడదేమో, పాపం అనుకున్నాను, పక్కసీటు అమ్మాయిని అడిగాను, ఊర్మిలట, ఇక్కడే కాలేజీలో చదువుతోందట, నహీ ఆంటీ అంది, తన పాట తనకి సరిగ్గా వినపడడానికి, పెద్ద చప్పుడుకి చెవులు పోకుండానూ, వాళ్ల పని అలాంటిది కదా అంది, మామూలుగానే అంది, సరే, వాళ్ల పని అలాంటిది, మరి ఆ కాంట్రాక్టరు, ఠేకేదారు, వాడి క్రషర్ పని ఎలాంటిది, కొండని నమిలే ఆ మిషను పక్కన మా ఆయన్ని ఏళ్లకేళ్లు నిలబెట్టి ఏమిచ్చాడు, సుందరరావ్, దూది పెట్టుకో భాయ్ అన్నాడు, ఆ దూది నేనే చుట్టి ఇచ్చేదాన్ని, దీపానికి వత్తులు చేసినట్టు, టిఫిను డబ్బాతో పాటు, ఆయన చెవుల్లోంచి మొదట పిచ్చుకలు పోయాయి, తర్వాత ఫోను, తర్వాత నేను, డాక్టరు మా మొహం కూడా చూడకుండా ఉమర్ హై, వయసు అన్నాడు, అప్పటికి మా ఆయనకి యాభై నిండలేదు, ఇదిగో ఎనభై దగ్గరపడ్డవాడు, జీవితమంతా చప్పుడు చేసి బతికినవాడు, చెవులు భద్రంగా పెట్టుకుని కూచున్నాడు, ఇతని మీద కోపం తప్పే, అయినా వస్తోంది, ఏం చెయ్యను.

ఆ పాట మొదలుపెట్టాడు, మా పాట, మొదటి మీటుకే తెలిసిపోయింది, మా ఆయన మోకాలి మీద వేలితో రాసి చెప్పాను, అయిదారేళ్లుగా నేనే ఆయన చెవులు, పాలవాడి మాట, కూతురి మాట, వార్తలు, అన్నీ నా మీదుగానే వెళ్లాలి, ఆయన తలూపి కళ్లు మూసుకున్నారు, వేలు కుర్చీ చేతి మీద ఆడటం మొదలైంది, దొర రెండు చరణాలు ఎలాగో ఈడ్చాడు, చివర గిటారు ఒక్కటే ఏడ్చే భాగం, ఇల్లంతా నిలబడి వినేవాళ్లం, అది వస్తుంది వస్తుంది అని నేను కుర్చీలో ముందుకు జరిగాను, దొర వేళ్లు తడబడ్డాయి, నవ్వేసి ఆపేశాడు, దండం పెట్టాడు, అంతే, హాలంతా లేచింది, ఊర్మిల ఈలలు వేస్తోంది, అయిపోయిందని మా ఆయన భుజం తట్టాను.

ఉండవే, ఇంకా ఉంది, అన్నారు, చెవిటివాళ్ల గొంతుతో, పెద్దగా, ముందు వరసవాళ్లు తిరిగి చూశారు, ఆయన కళ్లు తెరవలేదు, వేలు ఆగలేదు, నేను ఆ వేలినే చూస్తున్నాను, మెల్లగా ఎక్కుతోంది, ఒకచోట నిలిచి వణికింది, మళ్లీ దిగింది, ఒక్క మీటు తప్పకుండా, దొర వదిలేసిందంతా అక్కడుంది, మొహంలో దిగులు లేదు, ఎదురుచూపు లేదు, ఎన్నాళ్లనుంచి ఇలా వింటున్నారో, నేను అట్టముక్క పట్టుకుని ఎదురుగా కూచున్నప్పుడు కూడా వింటూనే ఉన్నారేమో, ఒక్కసారీ చెప్పలేదు, ఇంత నిండుగా ఉన్నవాడి కోసమా నేను ఏడ్చింది, జనం తలుపులవైపు కదులుతున్నారు, నేను ఆ వేలిని పట్టుకుందామని చెయ్యి చాచి వెనక్కి తీసేసుకున్నాను, వినపడని మనిషికి వినిపించడానికే నేనున్నాననుకుని బతికాను, ఆయనకి లోపల వినపడుతూనే ఉంది, నేనే అక్కడ లేను.