మూడోసారి వస్తే

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి, డిగ్రీ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి కాలేజీ ఆఫీసులో చదువు మానేస్తున్నట్టు సంతకం పెట్టి, తన సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె పరిశోధనకి గైడ్‌గా ఉన్న మాస్టారికి ఆ సంగతి భోజనాల వేళకి గాని చెవిన పడలేదు. చెప్పింది అదే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు.

"ఈగలమ్మ వెళ్ళిపోయింది సార్."

"ఎక్కడికి?"

"ఇంటికి. ఇక రాదు."

మాస్టారు చేతిలోని గాజు గొట్టాన్ని స్టాండులో పెట్టారు.

ఆ ల్యాబ్‌లో పండ్ల మీద వాలే చిన్న ఈగల్ని గొట్టాల్లో పెంచుతారు. ఆకలికి ఎక్కువ రోజులు తట్టుకునే ఈగల్ని ఏరడం, వాటి సంతానంలోంచి మళ్ళీ ఏరడం ఆ అమ్మాయి పని. రెండేళ్ళుగా సెలవుల్లో కూడా మానకుండా వచ్చేది. అందుకే ఆ పేరు.

మాస్టారికి ఒక పద్ధతి ఉంది. డిగ్రీ పిల్లలు ఏదైనా అడగడానికి వస్తే మొదటిసారి చెప్పరు. రెండోసారీ చెప్పరు. ఆలోచించుకుని రమ్మని పంపేస్తారు. మూడోసారి వస్తే మాత్రం కుర్చీ లాగి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతసేపైనా చెప్తారు. చాలామంది ఆ మూడోసారి రానక్కర్లేకుండా తామే జవాబు పట్టుకునేవాళ్ళు. అది చూసి ఆయన మురిసిపోయేవారు. చాటున ఆయన్ని మూడుసార్ల మాస్టారు అంటారని ఆయనకీ తెలుసు.

పోయిన మంగళవారం ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"సార్, ఒకటి అడగాలి."

"ఎన్నోసారి?"

"మొదటిసారి సార్."

"మరి అప్పుడే నా దగ్గరికెందుకొచ్చావ్? పో, పోయి ఆలోచించుకో."

ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గురువారం మళ్ళీ వచ్చింది. ఆయన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే రెండు వేళ్ళు చూపించారు.

"రెండయ్యాయి. ఇంకొక్కటుంది."

"సరే సార్," అన్న మాట వినిపించింది.

ఇప్పుడు పీహెచ్‌డీ కుర్రాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చింది సార్. టైలరింగ్ షాపు ఇక తనే చూసుకోవాలి. ఒక ఏడాది ఆపి మళ్ళీ చేరడానికి వీలుందట. గైడ్ సంతకం పెడితే చాలట. అది అడగడానికే వచ్చింది."

"దానికి గడువు ఎప్పటిదాకా?"

"శుక్రవారంతో అయిపోయింది."

"నా చెవిన వేయొచ్చుగా నువ్వైనా?"

"నాకూ ఇవాళే తెలిసింది సార్. ఇది ఈగల గొడవ కాదని చెప్పి చావొచ్చుగా అని తిట్టాను. 'సార్ ఊరికే అనరు అన్నయ్యా. ఇంకాస్త ఆలోచిస్తే వేరే దారి దొరుకుతుందేమో అనుకున్నా' అంది."

మాస్టారు భోజనం డబ్బా తెరవకుండానే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు.

"సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశాక నా చేతుల్లో ఏముంటుంది మాస్టారూ?" అన్నాడు ప్రిన్సిపాల్. "శుక్రవారం మీరొక్క ఫోన్ చేసున్నా ఆపేవాణ్ణి."

వరండాలోకి వచ్చి ఆయన ఆ అమ్మాయి నంబరుకి ఫోన్ చేశారు. చెల్లెలు ఎత్తింది.

"అక్క షాపులో ఉందండీ. ఫోన్ ఇంట్లోనే వదిలేసింది. మీరెవరు?"

"కాలేజీ నుంచమ్మా. మీ అక్క మాస్టార్ని."

"మూడుసార్ల సారా?" అనేసి, ఆ పిల్ల నాలిక్కరుచుకుంది. "సారీ సార్."

"ఫర్లేదమ్మా. నేను మాట్లాడాలన్నానని అక్కకి చెప్పు."

"మీరు చేస్తే ఏం చెప్పాలో అక్క చెప్పింది సార్. బాగా ఆలోచించుకున్నానని చెప్పమంది."

"సార్? సార్, ఉన్నారా?" అని రెండుసార్లు అడిగి, ఆ పిల్ల పెట్టేసింది.

సాయంత్రం మళ్ళీ చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశారు. ఎత్తలేదు.

ల్యాబ్‌కి తిరిగొచ్చి, ఆ అమ్మాయి ఈగలుండే అర తెరిచారు. సోమవారం గొట్టాల్లో మేత మార్చే రోజు. ఈగలు బతికే ఉన్నాయి. అన్ని గొట్టాల్లోనూ మేత కొత్తది. పొద్దున ల్యాబ్ తాళం ఎవరు తీసుకున్నారని వాచ్‌మన్‌ని పిలిచి అడిగారు.

ఆఫీసు తెరవకముందే ఆ అమ్మాయి వచ్చి తీసుకుందని, పని చూసుకుని తిరిగి ఇచ్చేసిందని వాచ్‌మన్ చెప్పాడు.