ముగ్గురు హనుమంతులు

పెడన రామమందిరం గోడ మీద హనుమంతుణ్ణి రాయించే పని బందరు డ్రాయింగు మేష్టారు రాధాకృష్ణమూర్తిగారి మీద పడింది. ఆయన శిష్యుడు నరసింహారావును పిలిచి, "సముద్రం దాటబోయే హనుమంతుణ్ణి ఒకణ్ణి గీసుకురా. అందులో నీ చెయ్యి కనపడాలి. కనపడితే గోడ నీది," అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. హంసలదీవి బెస్తల బిడ్డ నరసింహారావు, మంచి బొమ్మ చూస్తే చాలు, గీసినవాడికి దాసోహమనే మనిషి. తోలుబొమ్మల కొండయ్య గీత తలుచుకుంటేనే అతనికి ఒళ్ళు పులకరిస్తుంది. పెడన కలంకారీ శోభనాద్రి గుడ్డ మీద కలం ఆనిస్తే తీగ పాకినట్టే. గుడివాడలో నాటకాల తెరలు రాసే అప్పారావు నీడ వేశాడంటే బొమ్మకు కండ వచ్చేస్తుంది. అలాంటి మహానుభావులుండగా తన చెయ్యి ఏపాటిది? హనుమంతుడి ముందు కుప్పిగంతులా?

పక్కకు తిరిగిన ముఖం, ఇంతేసి కన్నుతో, కొండయ్య ఫక్కీలో ఒక హనుమంతుణ్ణి గీశాడు నరసింహారావు. తోక పొడుగునా లతలతో, శోభనాద్రి ఫక్కీలో ఇంకొకణ్ణి గీశాడు. ఛాతీ మీద వెలుగునీడలతో, అప్పారావు ఫక్కీలో మూడోవాణ్ణి గీశాడు. మూడూ బ్రహ్మాండంగా కుదిరాయి. తనదంటూ గీయాల్సిన కాగితం మాత్రం తెల్లగానే మిగిలింది.

మూడింటినీ మేష్టారి అరుగు మీద పరిచి తల దించుకున్నాడు.

"చూసి రమ్మంటే కాల్చి వచ్చావే! ఒకణ్ణి తెమ్మంటే ముగ్గురా?" అని నవ్వారు మేష్టారు. "చాలా బాగున్నాయిరా. మరి నీదేదీ?"

"నాది లేదండీ. గోడ ఇంకెవరికైనా ఇవ్వండి."

ఎండుచేపలు అమ్ముకుని, కొడుకును చూసిపోదామని వచ్చిన తల్లి పున్నమ్మ వాకిట్లోంచే తొంగిచూసింది.

"ఓరి నీ! ముగ్గురికీ మీ అయ్య కాళ్ళే పెట్టావేంట్రా? పడవలో నిలబడితే అచ్చం ఇట్టాగే, కాలేళ్ళన్నీ ఇప్పి చెక్కను పట్టేసేవోడు!"

నవ్వుతూనే, సముద్రంలో పోయిన మొగుణ్ణి తలుచుకుని కళ్ళు ఒత్తుకుంది.

మేష్టారు కళ్ళజోడు సవరించుకుని వంగారు. నిజమే. ముఖాలు మూడు రకాలు, పాదాలు ఒక్కటే. నేలను పట్టుకుని ఉన్నాయి. ఆ ముగ్గురు గొప్పవాళ్ళలో ఎవరూ అలాంటి వేళ్ళు గీయలేదు.

"ఇవి ఎవర్ని చూసి నేర్చుకున్నావురా?"

"ఎవర్నీ చూళ్ళేదండీ. మనిషి నిలబడితే అట్టాగే ఉంటాయి కదా అనుకున్నాను."

మేష్టారు శిష్యుడి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

పెడనలో గోడకు దణ్ణం పెట్టి నరసింహారావు కిందనుంచి మొదలుపెట్టాడు. ముందు పాదాలు గీశాడు.