మరియమ్మ చెప్పిన చుట్టరికాలు

జనగామ ఊరి బయట మిషన్ దవాఖానలో చేరిన రోజే శారద మనసులో ఒక మాట అనుకుంది. ఇక్కడ తాను చేసిన పని మీద తన పేరే ఉండాలి.

అలా అనుకోవడానికి కారణం ఉంది. శారదది హనుమకొండ. హైదరాబాదులో రసాయన శాస్త్రం చదివి, అక్కడి ప్రయోగశాలలోనే రెండేళ్లు పనిచేసింది. ఆముదంలో నికెల్ పొడి కలిపి, హైడ్రోజన్ వాయువు పంపి, దాన్ని మైనంలా గట్టిపరచడం ఆ పని. నికెల్‌ను ఎంత మెత్తగా, ఏ వేడి మీద తయారు చేస్తే చర్య త్వరగా జరుగుతుందో కనిపెట్టింది ఆమే. వ్యాసం అచ్చయినప్పుడు మాత్రం దాని మీద ఆమె పై అధికారి పేరొక్కటే ఉంది. తర్వాత రజాకార్ల గొడవలు, ఆపైన యూనియన్ సైన్యం రావడం, కాలేజీలు మూతపడడం. అవన్నీ సర్దుకున్నాక కూడా ఆమె ఆ ప్రయోగశాలకు తిరిగి పోలేదు. 1950 మొదట్లో డాక్టర్ కమలాబాయి దగ్గర పనికి కుదిరింది.

కమలాబాయి ఔరంగాబాదు మనిషి. తెలుగు మరాఠీ యాసతో మాట్లాడేది. ఆమెను వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. రొమ్ములో గడ్డతో దవాఖానకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది కొడకండ్ల వైపు వాళ్లే. వాళ్లను కదిలిస్తే "మా అవ్వ కూడ గిట్లనే పోయింది", "మా చిన్నమ్మ పోయింది" అనేవాళ్లు. జనం దాన్ని రాచపుండు అనేవారు. వంశంలో పారుతున్న క్యాన్సర్ అని కమలాబాయి అనుమానం.

"నీకు లెక్క ప్రకారం పనిచేసే అలవాటు ఉంది. ఇది నువ్వు పట్టుకో" అంది శారదతో.

శారద పట్టుకుంది. గోడంత కాగితం అతికించి వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చతురస్రం. గడ్డతో పోయినవాళ్ల గుండ్రం నల్లగా నింపింది. పక్కన పేరు, ఊరు. కోసి తీసిన గడ్డల ముక్కలను మైనంలో అచ్చుపోసి, పలచగా తరిగి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసేదీ ఆమే. మూడు నెలల్లో కొడకండ్ల కుటుంబం కాగితం మీద నిలిచింది. తల్లి నుంచి కూతురికి, ఆమె నుంచి ఆమె కూతురికి.

చిక్కు గూడూరు దగ్గర వచ్చింది. అక్కడి నుంచి బుచ్చవ్వ అనే ముసలామె అదే రోగంతో దవాఖానలో చేరింది. మహదేవపూర్ వైపు, గోదావరి దగ్గర ఊళ్లో, ముగ్గురు అక్కచెల్లెళ్లు ఇదే రోగంతో పోయారని కూడా తెలిసింది. ఈ రెండు కుటుంబాల ఇంటిపేర్లు వేరు. కొడకండ్ల వాళ్లతో తల్లుల వైపు నుంచి ఏ సంబంధమూ దొరకలేదు. శారద మూడు వారాలు కాగితం ముందు కూర్చుంది. తేలలేదు.

ఒక మధ్యాహ్నం ఆయా మరియమ్మ ఉతికిన పక్కబట్టలు మోసుకుంటూ ఆ గదిలోకి వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, కొడకండ్ల పుట్టిల్లు. మిషన్ బడిలో నాలుగో తరగతి చదివింది. బట్టలు బల్ల మీద పెట్టి, గోడ వైపు కాసేపు చూసింది.

"శారదమ్మా, గీ గూడూరోళ్లను గంత దూరం రాసినవేంది? గీల్లంత ఒక్కటే గద."

శారద తల తిప్పకుండానే అంది. "ఎట్ల ఒక్కటి? బుచ్చవ్వ తల్లిది వేరే ఇల్లు. నేను అడిగిన."

"తల్లిది అడిగితివి. నాయినది అడిగినవా? బుచ్చవ్వ నాయిన కొడకండ్లల గీ ఇంట్ల పుట్టినోడే. గూడూరుకు ఇల్లరికం పోయిండు. ఆడ అందరు ఆయనను అత్తగారి ఇంటిపేరుతోనే పిలుస్తరు. ఆయన తమ్ముడు మహదేవపూర్ దిక్కు ఇల్లరికం పోయిండు. ఆ ముగ్గురు అక్కచెల్లెండ్లు ఆయన మనుమరాండ్లు."

"ఆ మగవాళ్లకు రోగం రాలేదు కదా!"

"రాలే. ఎనభై ఏండ్లు బతికిండు బుచ్చవ్వ నాయిన. గని మోసుకపోయిండు గద తల్లీ, పుట్టింటి నుంచి."

గుమ్మంలో నిలబడి వింటున్న కమలాబాయి ఒక్కసారిగా లోపలికి వచ్చి మరియమ్మ చేతులు పట్టుకుంది. "మగవాడు! మగవాడి ద్వారా కూడా పోతుంది! ఇన్నాళ్లూ మనం తల్లులనే అడుగుతున్నాం, శారదా!"

శారద నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద నిలబెట్టడానికి ఆమె చాలా కష్టపడింది.

ఆ రోజు నుంచి మరియమ్మ పక్కబట్టల పని మానేసింది. డాక్టరమ్మ ఆమెను ఆ గదిలోనే కూర్చోబెట్టింది. ఎవరి మేనత్త ఎవరు, ఎవరి తోడికోడలు ఎక్కడి పిల్ల, ఏ కాన్పులో ఏ బిడ్డ పోయింది, అన్నీ ఆమె నాలుక చివర ఉండేవి. శారద గీసేది. కమలాబాయి గదిలోకి వస్తూనే "మరియమ్మ ఏమంటుంది?" అని అడిగేది. ఇదివరకు "శారద ఏమంటుంది?" అని అడిగేది. అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు, మైక్రోస్కోపు మీద వంగినప్పుడు శారదకు ఆ మాటే వినిపించేది. ఎన్నేళ్లు చదివితే ఏం లాభం, ఊరి ముచ్చట్లు తెలిస్తే చాలదా అనుకునేది. అలా అనుకున్నందుకు సిగ్గుపడేది. అయినా అనుకునేది. మరియమ్మ చెప్పినదాంట్లో తప్పు దొరుకుతుందేమోనని ఒకసారి కొడకండ్ల చర్చి రిజిస్టరు తెప్పించి సరిచూసింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

ఎండలు ముదిరాక కమలాబాయి వారం రోజుల కోసం హైదరాబాదు పోయింది. పోయేముందు వంశవృక్షం కింద మూలన తన చేతితో ఒక వాక్యం రాసింది. "ఈ వివరాలు ఇచ్చినది: మరియమ్మ." శారద దాన్ని మరునాడు పొద్దున చూసింది. గీతలన్నీ తనవి. నల్లరంగు తనది. ముక్కలు తరిగి చూసింది తను. ఆమె పేరు ఎక్కడా లేదు.

సరిగ్గా ఆ రోజే మిలిటరీ వాళ్లు వచ్చారు.

కమ్యూనిస్టుల సంఘం దళాలు ఆ ఏడాది మైదానాలు వదిలి గూడూరు అడవుల్లోకి, గోదావరి వైపుకు జరిగాయని సైన్యం వెతుకుతోంది. గాయపడ్డ దళం మనిషికి దవాఖానలో కట్టు కట్టారని ఎవరో చెప్పారట. వార్డులన్నీ చూశారు. ఎవరూ దొరకలేదు. చివరికి అధికారి శారద గదిలోకి వచ్చి గోడ ముందు ఆగిపోయాడు. కొడకండ్ల, గూడూరు, మహదేవపూర్. పేర్లు, వాటిని కలుపుతూ గీతలు, కొన్ని నల్లగా, కొన్ని ఖాళీగా. అతని వెంట కోస్తా నుంచి వచ్చిన దుబాసీ ఒకడున్నాడు. అతను పేర్లు చదువుకుంటూ పోయి ఒక చతురస్రం మీద వేలు పెట్టాడు. కొడకండ్ల పోచయ్య. సైన్యం ఏడాదిగా వెతుకుతున్న దళం మనిషి.

"ఈ పేర్లన్నీ ఎవరివి? ఎవరిచ్చారు?" అని అడిగాడు దుబాసీ.

ఇది రోగం లెక్క అని చెప్పడానికి శారదకు రెండు మాటలు చాలు. గీసింది నేనే అనడానికి ఒక్క మాట చాలు. ఆమెకు భయం వేసింది. కానీ ఆమె నోటి నుంచి వచ్చిన మాట భయం ఇచ్చిన మాట కాదు.

"అక్కడ రాసుంది కదా. మరియమ్మ. నాకేం తెలుసు? అంతా ఆమెకే తెలుసు."

అందులో ఒక్క అబద్ధం లేదు. తర్వాత చాలా కాలం శారదను తొలిచింది అదే.

కాగితాన్ని గోడ మీంచి చింపి చుట్టారు. వార్డులో ఒక బాలింతకు గంజి తాగిస్తున్న మరియమ్మను లేపి జీపు ఎక్కించారు. ఎక్కుతూ ఆమె ఒక్కసారి శారద వైపు చూసింది.

మొదటి రోజు శారద గది తలుపు వేసుకుని కూర్చుంది. గదిలో ఇప్పుడు తను ఒక్కతే. అది కొంచెం హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. మూడో రోజు కొడకండ్ల నుంచి నలుగురు ఆడవాళ్లు బండి కట్టుకుని వచ్చారు. పరీక్ష చేయించుకోవడానికి మరియమ్మ చెప్పి పంపిన వాళ్లు.

"మరియమ్మ లేదా?"

"లేదు. నేను చూస్తా, లోపలికి రండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆమె ఉన్నప్పుడే వస్తం లేమ్మా" అని, కొంగు భుజాల మీదికి లాక్కుని బండెక్కారు. శారద గేటు దాకా పరిగెత్తి పిలిచింది. బండి ఆగలేదు.

కమలాబాయి తిరిగి వచ్చేసరికి మరియమ్మను పట్టుకుపోయి ఆరు రోజులు. శారద జరిగింది జరిగినట్టే చెప్పింది, తానన్న మాటతో సహా. కమలాబాయి ఖాళీ గోడ వైపు చూసింది.

"గీసినదానివి నువ్వు. నువ్వే ఎందుకు వివరించలేదు?"

"మీరు నా పేరు రాయలేదు."

ఆ జవాబు బయటికి వచ్చాక ఎంత అల్పంగా ఉందో ఇద్దరికీ తెలిసింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "నేను రాయకపోవడం తప్పే. పద."

క్యాంపు ఊరికి రెండు మైళ్ల దూరంలో డేరాల్లో ఉంది. అధికారి ముందు బల్ల మీద కాగితం పరిచి ఉంది. ఈసారి శారద నిలబడి, ఉర్దూలో, స్పష్టంగా చెప్పింది. ఈ గీతలు గీసింది నేను. ఇది రోగం నడిచిన దారి. నల్లగా నింపిన గుండ్రాలు గడ్డతో పోయిన ఆడవాళ్లు.

"అయితే ఈమె ఎవరికి ఏమవుతుంది?" అధికారి ఒక గుండ్రం చూపించాడు. శారద చెప్పింది. ఇంకొకటి చూపించాడు. చెప్పింది. మూడోదాని దగ్గర తడబడింది. ఇన్నాళ్లూ గీసింది గానీ ఆ మనుషులను ఆమె గుర్తుపెట్టుకోలేదు.

"మరియమ్మను పిలవండి. ఆమె కాగితం చూడకుండా చెప్తుంది."

మరియమ్మను తెచ్చారు. పాదాలు వాచి ఉన్నాయి. నిలబడలేక బల్ల అంచు పట్టుకుంది. కాగితాన్ని ఆమెకు కనపడకుండా అటు తిప్పి, దుబాసీ ఒక్కో పేరు అడిగాడు. ఆమె చెబుతూ పోయింది. ఓళ్ల బిడ్డ, ఓళ్ల కోడలు, ఏ ఏడు పోయింది, ఏ రొమ్ముకు వచ్చింది. ఆమె మాటతీరుకు దుబాసీ రెండుసార్లు పకపకా నవ్వాడు. ఇరవై పేర్లు దాటాక నవ్వడం మానేశాడు.

"పోచయ్య?"

"బతికే ఉన్నడు. యాడున్నడో నాకెరికలేదు. గీల్లు కొట్టినప్పుడు గూడ గదే చెప్పిన." మరియమ్మ అధికారి వైపే చూస్తూ అంది. "ఆయన తల్లి గీ రోగంతోనే పోయింది. చెల్లె పోయింది. ఆయన మీకు దొరికితే కాల్చిపారేస్తరో ఏంజేస్తరో మీ ఇష్టం. ఆయనకు ముగ్గురు ఆడివిల్లలున్నరు. ఆ పిల్లలను డాక్టరమ్మ జర చూడాలె. నాకు గావాల్సింది గంతే."

అధికారి సైన్యం వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన కాగితం మీద వంగి రెండు నిమిషాలు చూసి, ఇది వైద్యుల కాగితమే అన్నాడు. మరియమ్మను వదిలేశారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. అందులో ఊళ్లున్నాయి, పేర్లున్నాయి.

కచ్చరం బండిలో తిరిగి వస్తుంటే శారద మరియమ్మ పక్కన కూర్చుంది. "నీ పేరు చెప్పింది నేనే" అంది.

"ఎరికె."

"ఎట్ల ఎరిక?"

"డాక్టరమ్మ నా చేతులు పట్టుకున్ననాడు నీ మొకం చూసిన గద. గప్పటి సంది ఎరికె. నాకు గూడ అట్లనే ఉంటుండె, నువ్వు గా బూతద్దంల చూసి ఏందేందో చెప్పినప్పుడు. నాకు చదువుంటే నేను జూడకపోదునా అని." మరియమ్మ వాచిన కాళ్లు చాపుకుంది. "గని నేను నిన్ను పట్టియ్యలే శారదమ్మా. గది వేరే."

దవాఖాన ముందు బండి ఆగాక శారద ముందు దిగి మరియమ్మకు భుజం అందించింది.

వంశవృక్షాన్ని మళ్లీ మొదటి నుంచి గీశారు, మరియమ్మ జ్ఞాపకం నుంచే. ఈసారి ఊళ్లు లేవు, పేర్లు లేవు, అంకెలు మాత్రమే. ఏ అంకె ఎవరో ముగ్గురికే తెలుసు. శారద ఒక్కొక్క మనిషినీ నోటికి నేర్చుకుంది.

వానలు మొదలయ్యాక పోచయ్య పెద్ద బిడ్డ మణెమ్మను మరియమ్మ తీసుకొచ్చింది. ఇరవై ఆరేళ్లు. ఎడమ రొమ్ములో రేగుగింజంత గడ్డ. తనకు ఉందని ఆ పిల్లకే తెలియదు. కమలాబాయి మర్నాడే ఆపరేషన్ పెట్టుకుంది. మణెమ్మను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు శారద ఆమె చెయ్యి పట్టుకోబోయింది. మణెమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుని, తల తిప్పి మరియమ్మ కోసం వెతికింది. శారద పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ క్షణాన ఆమె గుండెలో ముల్లు మళ్లీ గుచ్చుకుంది, అంతకు ముందు గుచ్చుకున్నంత లోతుగానే. దాన్ని అలాగే ఉంచుకుని, గడ్డ ముక్కను తీసుకుని పక్క గదిలోకి పోయింది. అంచులు నాలుగు వైపులా తరిగి చూసింది. రోగం అంచుల దాకా పోలేదు. రెండోసారి, మూడోసారి చూసి నిర్ధారించుకున్నాక లేచి వెళ్లి చెప్పింది.

మణెమ్మ బతికింది. పంట కోతల నాటికి తన చెల్లెళ్లిద్దరినీ వెంటబెట్టుకుని దవాఖాన గుమ్మంలో నిలబడింది.

"మరియమ్మ ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది. కూసోండ్రి, పిలుస్తా" అంది శారద. అని, వార్డు వైపు నడిచింది.