ఒకటో నంబరు చీటీ

మా ఇంట్లో డబ్బాల మీద, తాళంచెవుల మీద, మందుసీసాల మీద, అన్నిటిమీదా చీటీలుంటాయి. నా చేతిరాతతో, గుండ్రంగా. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "వదినా, అన్నయ్య వీపు మీద కూడా ఒకటి అంటించు. తప్పిపోతే ఎవరైనా తెచ్చిస్తారు" అంటుంది.

మావారు తప్పిపోలేదు. ఆయన గొంతు పోయింది. మూడు నెలల క్రితం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి పలక మీద రాసి చూపిస్తారు. ఆపరేషన్ తర్వాత చేతులూ వణుకుతున్నాయి కాబట్టి అక్షరాలు చెదిరిన చీమల బారులా ఉంటాయి.

ఆయనకు హామ్ రేడియో పిచ్చి, ఇంట్లో కూర్చుని ఏ దేశంవాళ్లతోనైనా మాట్లాడే రేడియో. మేడ మీద ఏరియల్, వెనకగదిలో రేడియో, మోర్స్ కొట్టే చిన్న మీట. పొట్టి కూత, పొడుగు కూత కలిపితే అక్షరం. సముద్రానికి అవతల ఒకాయనతో ఇరవై రెండేళ్ల స్నేహం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన మోర్స్ మరీ నింపాదిగా కొడతాడని మావారు నత్త అని పేరు పెట్టారు. ఆదివారం ఉదయం పదింటికి నత్త పిలవాలి, ఈయన పలకాలి.

ఆపరేషన్ తర్వాత నత్త పిలుస్తూనే ఉన్నాడు. ఈయన వింటూనే ఉన్నారు. వణికే చేత్తో మీట నొక్కితే అక్షరాలు రావు, గిలక్కాయ మోతే వస్తుంది. ఒక ఆదివారం నత్త చెప్పినదాన్ని మావారు కాగితం మీద రాసుకుని నాకు చూపించారు. 'ఇల్లు అమ్మేశాను. ఇక రెండు ఆదివారాలే. వెళ్లేచోట ఏరియల్ కట్టనివ్వరు. నువ్వు ఉన్నావో లేవో తెలిస్తే చాలు.'

దాని కింద మావారు రాశారు: 'ఉన్నానని చెప్పాలి.'

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. మా పాత కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే పోర్టు ఉంది. దానికి ఒక వైరు చేసిచ్చాడు. కీబోర్డు మీద ఒక్క వేలితో టైపు చేస్తే చాలు, కంప్యూటరే దాన్ని మోర్స్‌గా మార్చి రేడియోకి పంపుతుంది. కూత కూతకీ రేడియో మీద సూది లేచింది. మోర్స్ ప్రోగ్రాం పోర్టు నంబరు అడిగితే ఒకటి అని ఇచ్చి, ఆ పోర్టు మీద '1' అని చీటీ అంటించాను.

ఆ రెంటిలో మొదటి ఆదివారం పంపాం. నత్తకి అందలేదు. గాలివానకి ఏరియల్ నత్త ఉన్న దిక్కు నుంచి పక్కకి తిరిగిపోయింది. తిప్పే మోటారు బాగానే ఉంది గానీ దాని స్విచ్చి ఎప్పుడో చెడిపోయింది. కంప్యూటర్‌తో తిప్పవచ్చు, కానీ దానికీ పోర్టు కావాలి.

'ముందు ఏరియల్ తిప్పి, వైరు మార్చి, తర్వాత మాట్లాడదాం. చాలు' అని ఆయన పలక మీద రాశారు.

"ప్రతిసారీ పీకి పెట్టడమేమిటండీ, పిన్నులు వంగిపోతాయి. ఇంకో పోర్టు పెట్టించేద్దాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

శనివారం బాగుచేసే అతను ఇంకో పోర్టు ఉన్న కార్డు తెచ్చి కంప్యూటర్‌లో బిగించాడు. "మేడం, దీనికి వేరే అడ్రసు పెట్టాలి. ఒకే అడ్రసులో రెండుంటే కొట్టుకుంటాయి."

"తోడికోడళ్లన్నమాట" అంది ఆడపడుచు. "వేరుకాపురం పెట్టించండి బాబూ, ఎందుకొచ్చిన గొడవ!"

మావారు నవ్వారు. చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి.

కార్డుతో వచ్చిన కాగితం నేను రెండుసార్లు చదివాను. పాత పోర్టు అడ్రసు 378. కొత్తదానికి 3బిసి అనే అడ్రసు ఖాళీగా ఉంది. కార్డు మీది చిన్న క్లిప్పు తీసి 3బిసి అని ఉన్నచోట పెట్టాను. ఏరియల్ ప్రోగ్రాం అడ్రసు అడిగింది, ఇచ్చాను. మేడ మీద మోటారు మూలుగుతూ కదిలింది, కింద ఏరియల్ పెట్టె మీద దిక్కు చూపే సూదీ తిరిగింది. కొత్త పోర్టు మీద '2' అంటించాను.

"మోర్స్ కూడా ఒకసారి చూసుకోండి మేడం" అన్నాడు అతను.

"అది పోయినవారమే చూశాం కదా" అన్నాను. కడిగిన గ్లాసు మళ్లీ కడిగే మనిషిని. ఆ రోజు అలా అన్నాను.

ఆదివారం పదింటికి నత్త కూతలు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చాయి. మావారు కళ్లు తుడుచుకుని టైపు చేశారు. కంప్యూటర్ కూత పెట్టింది. నత్త మళ్లీ పిలిచాడు, ఏమీ విననట్టే. మళ్లీ టైపు చేశారు. మళ్లీ పిలిచాడు. మూడోసారి మావారి చెయ్యి గాలిలో ఆగింది. వేలు రేడియో వైపు చూపించింది. మనం పంపేటప్పుడు రేడియో హోరు ఆగిపోవాలి. ఆగడం లేదు. సూది పడుకునే ఉంది. నేను అంతసేపూ ఏరియల్ పెట్టె మీది సూదినే చూస్తున్నాను. ఆ కూత కంప్యూటర్ లోపలిది మాత్రమే.

వెనక్కి వంగి చూశాను. మోర్స్ వైరు '1' చీటీ దగ్గరే ఉంది. ప్రోగ్రాంలోనూ ఒకటే ఉంది. పీకి మళ్లీ గుచ్చాను.

"నంబర్లన్నీ సరిగ్గానే ఉన్నాయండీ!" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అది లేచేసరికి యుగం గడిచినట్టయింది. లేస్తున్నప్పుడు తెర మీద పోర్టుల పట్టీ ఒకటి వస్తుంది. ఎప్పుడూ చదవలేదు. ఆ రోజు చదివాను. ఒకటి: 3బిసి. రెండు: 378.

ముందు వచ్చింది ఎవరని దానికి పట్టదు. దాని వరసలో 3బిసి ఎప్పుడూ ముందే. నిన్న గడపదాటిన కోడలు పెద్దకోడలైంది, పాతది రెండోదైంది. ఒకటికి పంపిన మోర్స్ అంతా ఏరియల్ వైరున్న కొత్త పోర్టులోకే పోయింది. చీటీ మాత్రం నాది.

ప్రోగ్రాంలో ఒకటి కొట్టేసి రెండు పెట్టి ఇటు తిరిగాను. ఈలోగా నత్త చెప్పినదంతా మావారు కాగితం మీద రాస్తూనే ఉన్నారు.

'ఏమీ వినబడలేదు. పోయావనే అనుకుంటున్నాను. నాకంటే ముందు వెళ్లావు, అక్కడ కూడా ఆదివారం పదింటికి విను. సెలవు.'

ఆయన టైపు చేశారు. 'ఉన్నాను. ఉన్నాను. నత్తా, బతికే ఉన్నాను.' సూది ఎగిరి ఎగిరి పడింది. హోరు ఆగింది, వచ్చింది, ఆగింది. పన్నెండింటిదాకా టైపు చేశారు. అటునుంచి హోరు తప్ప ఏమీ రాలేదు.

ఆడపడుచు ఫోన్ చేసింది. "ఏం వదినా, అందిందా?" ఏదో చెప్పి పెట్టేశాను.

"కోపం వచ్చిందా?" అని ఆయన్ని అడిగి పలక అందించాను. పుచ్చుకుని బోర్లించి ఒళ్లో పెట్టుకున్నారు.

నత్త పాత చిరునామాకి ఉత్తరం రాశాను. ఈ చిరునామాలో లేరని ముద్ర వేసుకుని తిరిగొచ్చింది. అది ఆయనకు చూపించలేదు.

చీటీలు సరిచేశాను. ఇప్పటికీ ప్రతి ఆదివారం పదింటికి ఆయన చొక్కా మార్చుకుని కూర్చుని 'ఉన్నాను' అని అదే మాట టైపు చేస్తారు. సూది చూడడం నా పని. బాగా కదులుతోంది.